ముందు మస్టరు, తర్వాతే తుపాకి: నియంత పోయాక సైన్యాన్ని మళ్ళీ కట్టడం

ప్రశ్న (తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఎం.ఏ. విద్యార్థి): సార్, సిరియాలో అసద్ పోయాక కొత్త ప్రభుత్వం సైన్యాన్ని మళ్ళీ కడతామంటోంది. ఇరాక్‌లో అమెరికా అంత డబ్బు పోసినా 2014లో మోసూల్‌లో సైన్యం ఎందుకు పారిపోయింది? పాత సైన్యాన్ని రద్దు చేయడం మంచిదా, ఉంచుకోవడం మంచిదా? సెమినార్ పేపరుకు కావాలి.

జవాబు:

రద్దు చేయాలా, ఉంచుకోవాలా అన్నదాని మీద పేపరు మొత్తం ఖర్చు పెట్టకండి. రెండు దారుల్లోనూ గట్టెక్కినవాళ్ళున్నారు, మునిగినవాళ్ళూ ఉన్నారు. తేడా తెచ్చిన సంగతులు వేరే రెండు: జీతాల పట్టిక ఎవరి చేతిలో ఉంది, గోదాము తాళాలు ఎవరి దగ్గరున్నాయి. మన చిత్తూరు పల్లెల్లో ఉపాధి హామీ పనులు చూసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. పనికి రాని మనిషి పేరున హాజరు పడితే దొంగ మస్టరు అంటాం. మోసూల్ కథలో సగం అదే.

2014 జూన్ 10న మోసూల్ పడిపోయింది. రిజిస్టరులో చూస్తే అక్కడున్న సైనికులు, పోలీసుల ముందు దాడికొచ్చిన ఐసిస్ (ఇస్లామిక్ స్టేట్) ఉగ్రవాదులు ఏ మూలకీ చాలరు. ఆ ఏడాది నవంబరు 30న ప్రధాని హైదర్ అల్ అబాది పార్లమెంటులో బయటపెట్టిన లెక్క ఏమిటంటే, నాలుగు డివిజన్లలోనే 50,000 పేర్లకు మనుషులు లేరు. ఇరాకీలు ఈ బాపతు వాళ్ళను అంతరిక్షవాసులని పిలుస్తారు. ఇందులో రెండు రకాలు. చనిపోయినవాళ్ళ పేర్లు, అసలు చేరనే చేరని వాళ్ళ పేర్లు రాసి మొత్తం జీతం మింగడం ఒక రకం. నిజంగానే చేరిన సైనికుడు సగం జీతం ఆఫీసరుకిచ్చి ఇంటి దగ్గర టాక్సీ తోలుకోవడం రెండో రకం. పట్టుకోవడం కష్టమైంది రెండోదే. తనిఖీ ఉందని కబురు పెడితే వాడు యూనిఫాం వేసుకుని వచ్చి వరసలో నిలబడతాడు. తలలు లెక్కపెట్టి, సరిపోయిందని సంతకం చేసి వెళ్ళిపోతారు. యుద్ధం మాత్రం ముందు కబురు పెట్టి రాదు.

ఇరాక్ భద్రతా దళాల మీద అమెరికా పెట్టిన ఖర్చు 2,000 కోట్ల డాలర్ల పైమాటే. కొరత డబ్బుది కాదు. మొదటి తప్పు 2003 మేలోనే జరిగింది. అప్పట్లో ఇరాక్‌ను పాలించిన అమెరికా అధికారి పాల్ బ్రెమర్ మే 16న సద్దాం హుస్సేన్ బాత్ పార్టీ పెద్దలను ఉద్యోగాల్లోంచి తీసేసే 1వ ఉత్తర్వు, మే 23న సైన్యాన్ని రద్దు చేసే 2వ ఉత్తర్వు ఇచ్చాడు. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ఆ రెండో ఉత్తర్వు సైన్యంతో పాటు రక్షణ మంత్రిత్వ శాఖను కూడా ఎత్తేసింది. అంటే ఎవరు ఏ యూనిట్‌లో ఎన్నేళ్ళు చేశారు, ఎవరికి ఎంత జీతం, ఎవరికి పెన్షను రావాలి అని చెప్పగలిగే సెక్షన్లు కూడా అదే దెబ్బకు పోయాయి. సైన్యం అప్పటికే కరిగిపోయింది, బ్యారక్‌లు కిటికీ చట్రాలతో సహా దోచుకుపోయారు, రద్దు చేయడానికి మిగిలిందేముంది అన్నది బ్రెమర్ వాదన. తీసిపారేయదగ్గది కాదు. కానీ ఇంటికెళ్ళినంత మాత్రాన మనిషి పట్టికలోంచి పోడు. జీతం ఇస్తాం రమ్మంటే వస్తాడు. ఆ మాట చెప్పడానికి నెల పట్టింది. జూన్ 18న బాగ్దాద్‌లో జీతాలడిగిన మాజీ సైనికుల మీద కాల్పులు జరిగి ఇద్దరు పోయారు. జూన్ 23న నెలకు 50 నుంచి 150 డాలర్ల భృతి ప్రకటించారు. ఆ నెల రోజుల్లో దాదాపు 4 లక్షల మంది ఆయుధం పట్టడం తెలిసినవాళ్ళు ఆదాయం లేకుండా వీధిలో ఉన్నారు.

దీని పక్కన తూర్పు జర్మనీని పెట్టి చూడండి. రెండు జర్మనీలు ఒకటైన 1990 అక్టోబరు 3న తూర్పు జర్మన్ సైన్యాన్నీ రద్దే చేశారు. కానీ అదే రోజు యార్గ్ షోన్‌బోమ్ అనే పశ్చిమ జర్మన్ జనరల్ కింద తూర్పు కమాండ్ ఒకటి పని మొదలుపెట్టింది. సుమారు 90,000 మంది సైనికులు, వాళ్ళ ఫైళ్ళు, బ్యారక్‌లు, 2,300 ట్యాంకులు, 3 లక్షల టన్నుల మందుగుండు అన్నీ దాని లెక్కలోకి వచ్చాయి. జనరల్ హోదా వాళ్ళను ఇంటికి పంపారు. మిగతావాళ్ళను ఏళ్ళ తరబడి జల్లెడ పట్టారు, చాలామందికి హోదా తగ్గించారు. చివరకు శాశ్వతంగా నిలిచింది సుమారు 11,000 మంది. పోయినవాళ్ళే ఎక్కువ. అయితే ఒక్కరు కూడా లెక్క తెలియకుండా పోలేదు. జర్మనీ దగ్గర డబ్బుంది, పక్కనే తయారుగా ఇంకో సైన్యముంది, కాబట్టి అందరికీ ఇది సాధ్యం కాదనేవాళ్ళ మాటా నిజమే. నేను చూపిస్తున్నది వరస మాత్రమే. ముందు లెక్కలోకి తీసుకుని, తర్వాత ఏరి, ఆ తర్వాత పంపారు. ఇరాక్‌లో పంపేశాక లెక్క మొదలైంది.

ఇక పని ఎలా చేయాలో చూద్దాం. మొదటి వారంలో ఒకే ఒక్క ప్రకటన కావాలి: ఫలానా తేదీ నుంచి ఫలానా కేంద్రాల్లో పేరు నమోదు చేసుకోండి, నమోదైన నాటి నుంచి భృతి వస్తుంది, నమోదు అంటే క్షమాభిక్ష కాదు, ఉద్యోగం ఇస్తామన్న హామీ కూడా కాదు. ఈ మూడు ముక్కలూ కలిపి చెప్పాలి. చివరిది వదిలేస్తే ఆర్నెల్ల తర్వాత అదే జనం గేటు ముందు ధర్నాకు దిగుతారు. కేంద్రంలో రాసుకోవాల్సినవి: పేరు, తండ్రి పేరు, ఊరు, పాత యూనిట్, హోదా, చేరిన సంవత్సరం, ఫొటో, వేలిముద్ర, తెచ్చిన ఆయుధం నంబరు. రాసేవాళ్ళు ఆ యూనిట్ ఆఫీసర్లు కాకూడదు. స్కూల్ టీచర్లయినా ఫర్వాలేదు, బయటివాళ్ళు కావాలి. కమాండరు జాబితా తయారుచేసి ఇస్తే దాంట్లో వాడి బామ్మర్దులందరూ ఉంటారు.

తిరుగుబాటు దళాల నమోదుకైతే కటాఫ్ తేదీ ప్రాణం. అది ఎప్పుడూ జరిగిపోయిన తేదీ అయ్యుండాలి. రాబోయే తేదీ పెడితే ఆ రోజు దాకా భర్తీ నడుస్తుంది. నేపాల్‌లో మావోయిస్టు శిబిరాల్లో మొదటి విడతలో 32,000 మందికి పైగా నమోదయ్యారు. ఐక్యరాజ్యసమితి బృందం ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి మాట్లాడి, 2006 మే 25కు ముందు చేరారా, ఆ తేదీకి 18 ఏళ్ళు నిండాయా అని చూసింది. చివరికి తేలింది 19,602. లిబియాలో ఈ జల్లెడ లేదు. 2011లో గడాఫీ మీద పోరాడినవాళ్ళకు జీతం అనేసరికి పోరాడామని చెప్పుకున్నవాళ్ళు 2 లక్షలు దాటారు. గడాఫీ పోయేటప్పటికి నిజంగా తుపాకి పట్టినవాళ్ళు అందులో కొద్దిమందే. జీతాల కోసం కొత్త దళాలు పుట్టాయి. ప్రభుత్వం జీతమిచ్చి మరీ తనకు పోటీగా సైన్యాలను పెంచుకుంది.

జీతం సంగతి. పాల కేంద్రంలో ఎలా చేస్తారో చూసే ఉంటారు. ప్రతి రైతుకూ ఒక నంబరు, పోసిన పాలు, ఫ్యాటు ఆ నంబరు మీదే పడతాయి, బిల్లు నేరుగా ఆ రైతు ఖాతాలో జమవుతుంది. మధ్యలో ఎవరూ నోట్లు లెక్కపెట్టరు. సైనికుడి జీతమూ అంతే కావాలి. 2009లో అఫ్గానిస్తాన్‌లోని వార్దక్‌లో కొందరు పోలీసులకు జీతం మొబైల్ ఫోనుకే పంపి చూశారు. మొదటి నెల వాళ్ళు జీతం పెరిగిందనుకున్నారట. అన్నాళ్ళూ మధ్యలో మూడో వంతు దాకా కోత పడుతోందని అప్పుడు తెలిసింది. ఒక కమాండరైతే కింది వాళ్ళ ఫోన్లు, పిన్ నంబర్లు తనకిచ్చేయమని పట్టుబట్టాడు. అంటే సాంకేతికత ఒక్కటే చాలదు. పిన్ అడిగినవాడి మీద కేసు పెట్టగల తనిఖీ అధికారి కూడా ఉండాలి.

నేరుగా జమ చేయడంలో ఇంకో లాభం ఉంది, దీన్ని తక్కువమంది గమనిస్తారు. ఇరాక్‌లో బ్యాంకులు లేక జీతం చేతికిచ్చేవాళ్ళు. ఆ నోట్లు ఇంట్లో ఇచ్చి రావడానికి ప్రతి నెలా సైనికుడు వారం రోజులు ఊరెళ్ళాలి. బెటాలియన్‌లో 700 మంది ఉన్నారంటే పోస్టులో నిలిచేది ఎప్పుడూ సుమారు 525 మందే. దీన్ని పరారీ అని రాసుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఇక జీతం సరిపోకపోతే ఏమవుతుందో కొత్త ఇరాక్ సైన్యపు మొదటి బెటాలియనే చూపించింది: 2003 అక్టోబరులో సుమారు 700 మందితో శిక్షణ ముగించుకుని వచ్చింది, డిసెంబరుకల్లా దాదాపు సగం మంది వెళ్ళిపోయారు. వాళ్ళ జీతం నెలకు 60 డాలర్లు.

ఇక గోదాములు. సైన్యం కంటే ముందు కాపలా పెట్టాల్సింది వీటికే. బాగ్దాద్‌కు దక్షిణాన అల్ కకా డిపోలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిఘాలో ఉంచిన సుమారు 340 టన్నుల అధికశక్తి పేలుడు పదార్థాలు మాయమయ్యాయని 2004 అక్టోబరులో బయటపడింది. రోడ్డు పక్క బాంబుకు కొన్ని కిలోలు చాలు, అదీ లెక్క. మనుషులు చాలకపోతే ఈ వరసలో కాపలా పెట్టాలి: ముందు భుజం మీద నుంచి విమానాలను కొట్టే క్షిపణులు, తర్వాత పేలుడు పదార్థాలు, ఫిరంగి గుండ్లు, ఆ తర్వాత తూటాలు, ఆఖరున రైఫిళ్ళు. జనం దీన్ని తిరగేసి చేస్తారు. ఫొటోల్లో కుప్పపోసిన రైఫిళ్ళు బాగా కనబడతాయి మరి. రైఫిల్, దాని బోల్టు, తూటాలు మూడు వేర్వేరు గదుల్లో, వేర్వేరు తాళాల కింద ఉండాలి. పాత మందుగుండు ఎండకు చెమరుస్తుంది. చెమర్చినదాన్ని కదిలించకుండా నిపుణులొచ్చేదాకా ఆగాలి. ఎడారి ఎండలో రేకుల షెడ్డు కింద పేర్చిన గుండ్లు తమంతట తామే పేలిన ప్రమాదాలు చాలా దేశాల్లో జరిగాయి.

అవతలి పక్షం ఆయుధాలు పూర్తిగా అప్పగించడానికి ఒప్పుకోకపోతే నేపాల్ పద్ధతి చూడండి. ఆయుధాలు ఇనుప కంటెయినర్లలో పెట్టారు. తాళం చెవి మావోయిస్టుల దగ్గరే ఉంది. నంబర్ల నమోదు, కెమెరా, సైరను మాత్రం ఐక్యరాజ్యసమితివి. తాళం తీయొచ్చు, అయితే ఊరందరికీ తెలిసిపోతుంది. పరువూ నిలిచింది, తుపాకులూ లోపలే ఉన్నాయి.

ఎవరిని ఉంచాలి, ఎవరిని తీయాలి అన్నచోట ఇరాక్ హోదా చూసింది, పని చూడలేదు. పార్టీ పై నాలుగు మెట్లలో ఉన్నాడంటే టీచరైనా, ఇంజనీరైనా పోవాల్సిందే. 1955లో పశ్చిమ జర్మనీ ఇంకోలా చేసింది: కర్నల్, ఆపై హోదాకు దరఖాస్తు పెట్టుకున్న ప్రతి ఒక్కరినీ బయటి పౌరులతో కూడిన ఒక సంఘం విడివిడిగా విచారించింది. కింది స్థాయికి అంత లోతు విచారణ పెట్టలేదు, పెట్టినా జరిగే పని కాదు. ఒక్కో ఫైలుకు రెండు రోజులనుకుంటే 1,000 ఫైళ్ళకు పది బృందాలు ఏడు నెలలు కూర్చోవాలి. లైబీరియా ఇంకా ముందుకెళ్ళింది. పాత సైన్యాన్ని మొత్తం ఇంటికి పంపి, 2,000 మంది కోసం కొత్తగా దరఖాస్తులు పిలిచి, అభ్యర్థుల ఫొటోలు బహిరంగంగా పెట్టారు. ‘మా ఊళ్ళో వీడు ఫలానా పని చేశాడు’ అని ఎవరైనా వచ్చి చెప్పొచ్చు. చిన్న దేశం, చిన్న సైన్యం కాబట్టి కుదిరింది. 4 లక్షల మందికి ఇది పనిచేయదు. అక్కడ కూడా ఒక ఖాళీ మిగిలింది. అంతా కొత్తవాళ్ళయ్యేసరికి పైన ఆజ్ఞాపించే అనుభవం ఎవరికీ లేదు. 2014 దాకా లైబీరియా సైన్యాన్ని నడిపించింది నైజీరియా జనరల్.

రెండు సైన్యాలను కలిపేటప్పుడు తగువంతా హోదా దగ్గరే వస్తుంది. అడవిలో ‘కమాండర్’ అంటే 30 మంది నాయకుడు కావచ్చు, 3,000 మంది నాయకుడూ కావచ్చు. 1972 తర్వాత బంగ్లాదేశ్ విముక్తి పోరాటంలో ఉన్న ఆఫీసర్లకు రెండేళ్ళ సీనియారిటీ కలిపి ఇచ్చింది. పాకిస్తాన్‌లో చిక్కుకుని 1973 తర్వాత తిరిగొచ్చిన ఆఫీసర్లు నిన్నటి జూనియర్లకు సెల్యూట్ కొట్టాల్సి వచ్చింది. త్యాగానికి గుర్తింపు ఇవ్వాల్సిందే, కాదనను. పతకం ఇవ్వండి, భూమి ఇవ్వండి, పెన్షను ఇవ్వండి. సీనియారిటీ జాబితా మాత్రం తాకకూడదని నా గట్టి అభిప్రాయం. ఆ జాబితా ముప్పై ఏళ్ళు బతుకుతుంది, ప్రతి ప్రమోషన్ రోజునా పాత పుండు రేగుతుంది. దానికి తోడు అక్కడ సైన్యానికి సమాంతరంగా రక్షీ బాహినీ అని ఇంకో దళం పెట్టారు. మంచి బట్టలు, మంచి తుపాకులు వాళ్ళకేనని సైన్యం రగిలింది. షేక్ ముజీబుర్ రెహ్మాన్‌ను చంపిన 1975 ఆగస్టు కుట్ర వెనక ఈ రగులుడు కూడా ఒక కారణం.

దక్షిణాఫ్రికా 1994లో ఏడు వేర్వేరు దళాలను ఒకటి చేసింది. హోదా నిర్ణయించే బోర్డుల్లో బ్రిటిష్ సలహాదారులను కూర్చోబెట్టింది, అన్ని పక్షాలకూ పరాయివాడైన సాక్షి అన్నమాట. అయినా ఆ అక్టోబరులో వాల్మన్స్‌థాల్ శిబిరం నుంచి వేలమంది మాజీ గెరిల్లాలు బయటికొచ్చేశారు. ఆలస్యం, పాత ఆఫీసర్ల తీరు, తిండి, జీతం, ఇవే కారణాలు. మండేలా స్వయంగా వాళ్ళతో మాట్లాడి, వారంలో తిరిగిరాని వాళ్ళకు చోటు లేదన్నాడు. శిబిరంలో నిరీక్షణ మూడు నెలలు దాటితే ఎక్కడైనా ఇదే జరుగుతుంది. నేపాల్‌లో ఐదేళ్ళు పట్టింది. చివరకు సైన్యంలో చేరింది దాదాపు 1,400 మందే, చాలామంది నగదు తీసుకుని ఇంటికెళ్ళిపోయారు.

శిక్షణ గురించి పేపర్లలో పేజీలకు పేజీలు రాస్తారు. అసలు సులువైనది అదే. కల్యాణి డ్యామ్ కాలేజీలో కానిస్టేబుల్ నెలల్లో తయారవుతాడు, కానీ స్టేషనును ఒంటిచేత్తో నడిపే హెడ్ కానిస్టేబుల్ తయారవడానికి ఏళ్ళు పడుతుంది కదా. రిక్రూట్‌కు ఆరు నెలలు, మంచి హవల్దారుకు ఎనిమిది పదేళ్ళు, బెటాలియన్ కమాండరుకు పదిహేనేళ్ళ పైన. నియంత సైన్యాల్లో అందరికంటే బలహీనమైన మెట్టు హవల్దారే. అన్నీ ఆఫీసరే నిర్ణయిస్తాడు, కిందివాడు సొంతంగా ఆలోచిస్తే నేరం. అందుకని ఎక్కువ బెటాలియన్లు త్వరగా కట్టడం కంటే కొన్నిటిని నెమ్మదిగా కట్టి, వాటిలో తేలిన నాయక్‌లు, హవల్దార్లను తర్వాతి బెటాలియన్లకు విత్తనంగా పంపడం మేలు. ఒకేసారి 20 బెటాలియన్లు మొదలుపెడితే ఉన్న అనుభవం అంతా పలచబడి ఏదీ నిలవదు. ఇరాక్‌లోనే దీనికి రుజువుంది: ఉగ్రవాద నిరోధక దళాన్ని చిన్నగా ఉంచి, ఏరి, ఏళ్ళ తరబడి ఒకే పద్ధతిలో శిక్షణ ఇచ్చారు. 2014లో మిగతా సైన్యం చెదిరినా అది నిలిచింది, 2016, 2017ల్లో మోసూల్ తిరిగి తీసుకోవడంలో ముందు నడిచింది.

పరికరాల విషయంలో ఒకే సూత్రం, మెకానిక్కు తెలిసిన బండి కొనాలి. పలమనేరులో ట్రాక్టర్ షెడ్డు నడిపేవాడికి తెలియని ఇంజన్ తెచ్చిస్తే ఎంత గొప్పదైనా చెట్టు కిందే ఉంటుంది. అఫ్గాన్ మెకానిక్కులకు రష్యన్ ఎంఐ-17 హెలికాప్టర్లు బాగా తెలుసు, చాలా మరమ్మతులు సొంతంగా చేసుకునేవాళ్ళు. వాటి స్థానంలో అమెరికన్ బ్లాక్ హాక్‌లు తెచ్చారు. వాటి మరమ్మతులు విదేశీ కాంట్రాక్టర్ల చేతిలోకి పోయాయి. 2021లో కాంట్రాక్టర్లు వెళ్ళగానే హెలికాప్టర్లు నేలకు దిగాయి. ఎదురుగా తాలిబాన్లు వస్తున్న సమయమది.

పౌర ప్రభుత్వం అదుపు అనే అంశం మీ సిలబస్‌లోనే ఉంది కాబట్టి రెండు ఉదాహరణలతో వదిలేస్తాను. స్పెయిన్‌లో ఫ్రాంకో 1975లో పోయాడు. 1977లో ఆర్మీ, నేవీ, వైమానిక దళాలకున్న మూడు మంత్రిత్వ శాఖలను కలిపి ఒక్క రక్షణ శాఖ చేశారు. అయినా 1981 ఫిబ్రవరి 23న కుట్ర జరిగింది, వాలెన్సియా వీధుల్లోకి ట్యాంకులొచ్చాయి. కాబట్టి శాఖ పేరు మార్చిన రోజున అదుపు వచ్చేసిందనుకోకూడదు. పశ్చిమ జర్మనీలో 1956 నాటి సైనికుల చట్టం ప్రకారం నేరం చేయమనే ఆజ్ఞను సైనికుడు పాటించకూడదు. పార్లమెంటు నియమించే ఒక కమిషనరుకు ఏ సిపాయి అయినా తన ఆఫీసరుకు చెప్పకుండా నేరుగా ఉత్తరం రాసుకోవచ్చు. దొంగ మస్టర్లను బయటపెట్టే దారి కూడా అదే.

సిరియాకు వద్దాం. 2024 డిసెంబరు 8న అసద్ పారిపోయాడు. ఆ తర్వాతి రోజుల్లో ఇజ్రాయెల్ దాడులు పాత సైన్యపు భారీ ఆయుధాల్లో చాలావాటిని నాశనం చేశాయి. 2025 జనవరి 29న పాత సైన్యాన్నీ, సాయుధ వర్గాలనూ ఒకేసారి రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. నిర్బంధ సైనిక సేవ ఎత్తేశారు. పాత సైనికులు ఆయుధం అప్పగించి తాత్కాలిక కార్డు తీసుకునే కేంద్రాలు పెట్టారు. ఇది ఇరాక్ కంటే మెరుగైన మొదలు. చిక్కు వేరేచోట ఉంది: వర్గాలు రద్దయినా చాలాచోట్ల అదే నాయకుడు, అదే మనుషులు, కొత్త డివిజన్ నంబరు పెట్టుకుని కొనసాగారు. 2025 మార్చిలో తీర ప్రాంతంలో అలావీ (అసద్ కుటుంబం చెందిన మత వర్గం) పౌరులను చంపినప్పుడు ఎవరి ఆజ్ఞ ఎవరు విన్నారన్నది తేల్చడమే కష్టమైంది.

పేపరుకు సిరియా వార్తలు చదివేటప్పుడు కవాతు వీడియోలు వదిలేసి మూడు సంగతులు వెతకండి. జీతం సైనికుడి ఖాతాకు వెళుతోందా, వర్గ నాయకుడి చేతికా? బ్రిగేడ్ కమాండరును సొంత ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి బదిలీ చేయగలిగారా, చేస్తే అతని మనుషులు కొత్తవాడి కింద నిలిచారా? మందుగుండు డిపోలు రక్షణ శాఖ లెక్కలో ఉన్నాయా, బ్రిగేడ్ల లెక్కలోనా? పోలికకు ఇరాక్, తూర్పు జర్మనీ, నేపాల్ మూడూ చాలు. లిబియాను ఒక పేరాలో తేల్చేయండి. ఎన్నేళ్ళు పడుతుందని గైడు అడిగితే పశ్చిమ జర్మనీ లెక్క చెప్పండి: 1955 నవంబరు 12న 101 మందితో మొదలుపెట్టి, యుద్ధం చూసిన పాత ఆఫీసర్లు, హవల్దార్లు వేల సంఖ్యలో చేతిలో ఉండి కూడా, నాటోకు మాటిచ్చిన 12 డివిజన్లు పూర్తి చేసేసరికి 1965 వచ్చింది.